పుస్తకంలో లేని రెండు వాక్యాలు

నవల చదివితే మనిషి మారిపోతాడని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా పెద్దమ్మ మారింది, నిజమే. ఆమెను మార్చింది నవల కాదు, నా కసి.

మద్రాసులో ట్రాములు ఇంకా తిరుగుతున్న రోజులవి. పురసవాక్కంలో మా ఇంటి పెత్తనమంతా నాన్న వదినగారిది, అంటే మా పెద్దమ్మది. నేను ఫోర్త్ ఫారం, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతి, చదువుతున్నాను. ఒకనాడు ఆమె నాన్నను పిలిచి, "అబ్బయ్యా, మన బిడ్డ ట్రాము స్టాపుకాడ ఎవడితోనో ఇకిలిస్తా నిలబడి ఉండాది. నా కళ్ళతో చూసినాను. చదివింది చాల్లే, ఊరికే కళ్ళు పోతాయి" అంది. ఆ రోజు ఆమె గడపే దాటలేదు. పిండి రుబ్బే మనిషి పని మానేసింది, అంతే సంగతి. వదిన మాటకు ఎదురు చెప్పడం నాన్నకు చేతకాదు. మర్నాటి నుంచి నేను బడికి బదులు రుబ్బురోలు ముందు కూర్చున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్ళు వత్తులు చేసుకుంటూ కూర్చుంటే, చదువొచ్చిన వాళ్ళెవరో ఒకరు పుస్తకం చదివి వినిపించడం మా ఇంటి అలవాటు. ఆ పని నా మీద పడింది. నాన్న బీరువాలో ఒక పాత నవల ఉండేది. అందులో ఇల్లాలు ఎన్ని నిందలు పడ్డా నోరెత్తదు, చివరికి అందరినీ క్షమిస్తుంది. పెద్దమ్మకు అక్షరం ముక్క రాదు. ఆ ఇల్లాలు తానేనని ఆమె నమ్మకం. "పావం, అచ్చం నా కతే" అని కొంగుతో కళ్ళు ఒత్తుకునేది. నింద వేసిన మనిషి, నింద పడ్డదాని కోసం నా ఎదురుగానే ఏడ్చేది. ఎంత ఒళ్ళు మండాలి నాకు?

ఆఖరి అధ్యాయం చదివే రోజున, పుస్తకంలో లేని రెండు వాక్యాలు ఆ పుస్తకం భాషలోనే కలిపి చదివాను. "ఆ యిల్లాలు నిరపరాధియగు నొక బాలికపై నింద మోపి, దాని చదువు మాన్పించెను. ఆ బాలిక యుసురు తగిలి, తుదకు గుక్కెడు నీళ్ళిచ్చు దిక్కు లేక మరణించెను."

పెద్దమ్మ చేతిలో దూది ఆగిపోయింది. "అట్లనే ఉండాదా ఆడ?"

"అచ్చులో ఉండాది పెద్దమ్మా." అచ్చులో అబద్ధం ఉండదని మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ నమ్మకం.

"మళ్ళా చదువు."

పొల్లు పోకుండా మళ్ళీ చదివాను. నెల రోజులుగా రుబ్బురోలు దగ్గర కూర్చుకున్న మాటలవి.

ఆ సాయంత్రమే ఆమె నాన్నను పిలిచింది. "అబ్బయ్యా, ఆ పొద్దు నేనేం చూళ్ళేదు. ఊరికే చెప్పినాను. బిడ్డను ఇస్కూలుకు పంపు."

మళ్ళీ బడికి వెళ్ళాను. నా కోపం మాత్రం చల్లారలేదు. ఆ తర్వాత ఆమె ఎవరి మీదా చాడీ చెప్పలేదు. ఎవరు దాహమన్నా తానే లేచి నీళ్ళిచ్చేది. ఆ భయం చూసి నాకు హాయిగా ఉండేది. క్షమించే ఇల్లాలి కథ నేను పదిసార్లు చదివాను. నాకేమీ అంటలేదు.

ఏడాది తిరిగాక, ఒక మధ్యాహ్నం పెద్దమ్మ ఆ నవలను ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చుంది.

"అమ్మణ్ణీ, నాకు నాలుగు అక్షరాలు నేర్పు. అంత మంచిది అట్ల ఎందుకు చేసిందో నేనే చదివి తెలుసుకోవాల."

పుస్తకం ఆమె ఒళ్ళోంచి తీసుకున్నాను.

"ఇప్పుడెందుకులే పెద్దమ్మా," అన్నాను, "ఊరికే కళ్ళు పోతాయి."