ఆర్థిక సాయం కౌంటరులో ఉదాహరణ మాస్టారు

ఉదాహరణ మాస్టారు ఏ విషయాన్నీ ఉదాహరణ లేకుండా చెప్పలేరు. అందులో వింతేముంది, చాలామంది చెప్పలేరు. కానీ ఈయన ఉదాహరణ విన్నాక, అంతకుముందు అర్థమైన ఆ కాస్త కూడా అర్థం కాకుండా పోయేది. ఇంకో సంగతి, ఆయన మాస్టారు కాదు. కాలేజీ ఆర్థిక సాయం ఆఫీసులో సీనియర్ గుమాస్తా. ఒక్క పాఠమూ చెప్పకుండా మాస్టారనిపించుకున్న మనిషి మా కాలేజీ మొత్తమ్మీద ఆయనొక్కరే.

నేను ఆ ఆఫీసులో చేరినప్పుడు ఆయన పక్క కుర్చీ ఇచ్చారు. మా పని చెప్పుకోవడానికి చిన్నదే. కాలేజీ సాయంతో చదువుకునే పిల్లలు ఆ సాయం నిలబెట్టుకోవాలంటే చదువులో ముందుకు వెళుతూ ఉండాలి. సగటు మార్కులు ఒక గీత కిందికి దిగకూడదు. తీసుకున్న సబ్జెక్టుల్లో మూడింట రెండు వంతులు పాసవ్వాలి. ఒక టర్ములో తప్పితే హెచ్చరిక, తర్వాతి టర్ములోనూ తప్పితే సాయం బందు. తగిన కారణం ఉంటే అప్పీలు పెట్టుకోవచ్చు. చేరిన రోజు ఇదంతా నాకు శుభ్రంగా అర్థమైంది. నా ఖర్మకొద్దీ మర్నాడు మాస్టారిని ఒక సందేహం అడిగాను.

"మధ్యలో మానేసిన సబ్జెక్టు లెక్కలోకి వస్తుందా మాస్టారూ?"

"మంచి ప్రశ్న. ఉదాహరణకి నువ్వు గుడ్లు కొన్నావనుకో. కొన్ని దారిలో పగిలాయి. ఒకదాన్ని పగలకముందే కొట్టువాడికి తిరిగిచ్చేశావు. అది నువ్వు కొన్న గుడ్డా, కాదా?"

"తిరిగిచ్చేశాను కదండీ. కాదు."

"కొన్న గుడ్డే. వండని గుడ్డు."

"మరి పగిలినవి?"

"అవీ కొన్నవే, వండనివే. అయితే గంపలో పెట్టకముందే తిరిగిచ్చి ఉంటే మాత్రం అసలు కొననట్టే."

ఆ రోజుతో నాకు నిబంధనల మీదా, గుడ్ల మీదా ఒకేసారి నమ్మకం పోయింది.

పిల్లల పరిస్థితి ఇంకా ఘోరం. ఉదాహరణలో ఎప్పుడూ వాళ్ళనే ఇరికించేవారు, అదీ తప్పుగా. ఒకసారి వడ్రంగం కోర్సు కుర్రాడొకడు తనకు సాయం ఎందుకాగిందో తెలుసుకుందామని ఇంట్లో పెద్దాయన్ని వెంటబెట్టుకొచ్చాడు.

"ఉదాహరణకి మీ తాతయ్య పోయారనుకో," అని మొదలుపెట్టారు మాస్టారు.

"వాళ్ళ తాతయ్యను నేనేనండి," అన్నాడు పెద్దాయన.

"సంతోషం. కూర్చోండి. అయితే పోలేదనుకుందాం."

"అనుకోవడం ఏంటండీ?" అని పెద్దాయన తన చెయ్యి తానే తడుముకుని చూసుకున్నాడు.

"ఈయనకి ఒంట్లో బాగాలేక, నువ్వు దగ్గరుండి చూసుకోవలసొచ్చి క్లాసులు పోగొట్టుకున్నావనుకో," అన్నారు మాస్టారు కుర్రాడితో.

"నేను చూసుకోవడం కాదండీ, తాతయ్యే నన్ను చూసుకున్నాడు," అని కుర్రాడు చొక్కా చెయ్యి పైకి లాగాడు. మోచేతి దాకా కుట్ల మచ్చ. "రంపం జారింది. అన్నం కూడా ఆయనే కలిపి పెట్టాడు."

నాకు నవ్వాపుకోవడంతోనే సరిపోయింది. మాస్టారు ఆ కుర్రాణ్ణి బల్ల దగ్గర కూర్చోబెట్టి అప్పీలు రాయించడం చూశాను గానీ, ఆ ఉదాహరణకీ, ఈ అప్పీలుకీ ముడిపెట్టుకోలేదు.

ఓరోజు మాస్టారు భోజనం డబ్బా మరిచిపోతే వాళ్ళావిడ పట్టుకొచ్చారు. ఊరికే ఉండలేక అడిగాను.

"ఇంట్లో కూడా ఇంతేనా అమ్మా?"

"ఏం చెప్పమంటావు నాయనా. ఒకసారి కూరలో ఉప్పెక్కువైంది. ఎక్కువైందని చెప్పొచ్చుగా. ఉదాహరణకి నువ్వు సముద్రంలో పడ్డావనుకో అన్నారు."

"మీరేమన్నారు?"

"సముద్రంలో పడలేదు, పొద్దుట్నుంచీ తలపోటు, చెయ్యి తూలింది అన్నాను. అంతే, ఆ మర్నాటి నుంచి పొద్దుటి వంట ఆయనే చేస్తున్నారు." ఆవిడ డబ్బా నా బల్ల మీద పెట్టి నిట్టూర్చారు. "ఇప్పుడు కూరలో ఉప్పే ఉండట్లేదు."

ఇలా ఉండగా మా ఆఫీసుకు కొత్త డైరెక్టరమ్మ వచ్చారు. ఆవిడకు అన్నీ సూటిగా ఉండాలి. గోడమీద గడియారం కొంచెం వంకరగా ఉంటే కుర్చీ ఎక్కి సరిచేసే రకం. వచ్చిన వారంలోనే మా కౌంటరు ముందు వరస మెట్ల దాకా పాకడం చూశారు. వరస మొదట్లో ఒక తండ్రి మాస్టారికి దణ్ణం పెట్టి, "బాబూ, మీ ఉదాహరణలో ఈ బస్సు దిగడాలూ ఎక్కడాలూ నాకొద్దు. మా అమ్మాయి పాసయిందో లేదో చెప్పండి చాలు," అని బతిమాలుతున్నాడు.

డైరెక్టరమ్మ మాస్టారిని పక్కకు పిలిచారు.

"రేపట్నుంచి మీరు లోపల లాకర్ల తాళంచెవుల గదిలో కూర్చోండి. కౌంటరు ఈయన చూసుకుంటారు."

"ఉదాహరణకి నన్ను తీసేశారనుకోండి..."

"తీసెయ్యలేదండీ. మార్చాను."

"అదే, ఉదాహరణకి," అన్నారు మాస్టారు. కళ్ళజోడూ, మరచెంబూ తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడ గుమ్మం వైపే చూస్తూ, "తీసేశానని ఎప్పుడన్నాను నేను?" అని నన్నడిగారు.

కౌంటరు నాకు దక్కింది. నిబంధనలు మళ్ళీ చదువుకుని, గుడ్ల జోలికి పోకుండా చెప్పడం నేర్చుకున్నాను. ఇన్ని సబ్జెక్టులు తీసుకున్నావు, ఇన్ని పాసయ్యావు, ఇక్కడ గీత, ఇక్కడ నువ్వు. పిల్లలు విని, "అర్థమైంది సార్," అని వెళ్ళిపోయేవారు. "ఏదైనా కారణం ఉందా?" అని కూడా అడిగేవాణ్ణి. "ఏం లేదు సార్," అనేవారు. వరస మెట్ల దగ్గర్నుంచి గుమ్మానికీ, గుమ్మం నుంచి కౌంటరుకూ కుదించుకుపోయింది. డైరెక్టరమ్మ నన్ను మెచ్చుకున్నారు.

తర్వాత అప్పీళ్ళ కమిటీ కూర్చునే రోజు దగ్గరపడింది. డైరెక్టరమ్మ నా దగ్గరకొచ్చారు.

"ఒక్క అప్పీలూ లేదేమిటి? ఈసారి అందరూ పాసయ్యారా?"

"లేదండీ. అందరికీ అర్థమైంది," అన్నాను.

అన్నాక ఆ మాటకు అర్థమేమిటో నాకే అంతుపట్టలేదు. ఆవిడకూ పట్టినట్టు లేదు. ఆవిడ ఇంకా నా బల్ల దగ్గర ఉండగానే నర్సింగు రెండో ఏడు చదివే అమ్మాయి వచ్చింది. వరసగా రెండు టర్ములు పొద్దుటి ల్యాబులో తప్పి గీత కిందికి దిగింది. సాయం ఆగిపోయిందని చెప్పాను. ఎందుకాగిందో కూడా చెప్పాను. నేనే ముచ్చటపడేంత స్పష్టంగా చెప్పాను.

"అర్థమైంది సార్."

"ఏదైనా కారణం ఉంటే చెప్పమ్మా, అప్పీలు పెట్టొచ్చు."

"కారణమేం లేదు సార్, నాదే తప్పు. కాలేజీ మానేస్తున్నాను. లాకరు తాళం ఎక్కడివ్వాలి?"

లోపలి గది చూపించాను. తలుపు తీసే ఉంది. మాటలు మా ఇద్దరికీ వినబడుతున్నాయి.

"మానేస్తున్నావా తల్లీ? అలాగే. ఉదాహరణకి నీకు గుర్రప్పందాల పిచ్చి పట్టిందనుకో."

"నాకా అండీ?"

"పొద్దున్నే ల్యాబు ఎగ్గొట్టి పందేలకి పోతున్నావనుకో. నీ గుర్రం రోజూ ఆఖర్న వస్తోందనుకో."

"నేను గుర్రాన్ని దగ్గర్నుంచి చూడనైనా లేదండీ," అంది అమ్మాయి. గొంతులో నవ్వు. డైరెక్టరమ్మ నుదురు కొట్టుకున్నారు.

"పోనీ బద్ధకం అనుకో. దుప్పటి వదలడం లేదు."

"బద్ధకం కాదండీ." నవ్వు ఆగిపోయింది. "అసలు పడుకుంటే కదా. మా తమ్ముడికి మూర్ఛలొస్తాయి. అమ్మకి రాత్రి డ్యూటీలు పడ్డప్పట్నుంచి వాడి పక్కన నేనే మేలుకుని ఉండాలి. అమ్మ ఇల్లు చేరి, నేను బయల్దేరి వచ్చేసరికి ల్యాబు తలుపులు వేసేస్తారు."

"ఎవరికైనా చెప్పావా?"

"సాకులు చెబుతోందనుకుంటారని చెప్పలేదండీ."

"దీన్ని సాకు అనరు తల్లీ, కారణం అంటారు. తాళం నీ దగ్గరే ఉంచుకో. ఆ కుర్చీ ఇలా లాక్కో."

డైరెక్టరమ్మ నావైపు తిరిగారు. "మీరు అడిగితే ఏం లేదంది కదా?"

"అవునండీ. చాలా స్పష్టంగా అంది," అన్నాను.

కమిటీ అప్పీలు ఒప్పుకుంది. ఇంకో టర్ము గడువిచ్చి, ఆ అమ్మాయి ల్యాబును మధ్యాహ్నం బ్యాచికి మార్చారు. టర్ము చివర పాసయింది. గొప్ప మార్కులేం కావు, గీతకు కాస్త పైన. సాయం నిలబడింది.

మాస్టారిని కౌంటరు దగ్గరకు పిలవడానికి డైరెక్టరమ్మ తానే తాళంచెవుల గదికి వెళ్ళారు. ఆవిడ వెనకాలే నేనూ వెళ్ళాను.

"నిజం చెప్పండి మాస్టారూ. ఇన్నాళ్ళూ ఇది కావాలనే చేస్తున్నారా?"

"అడిగితే పిల్లలు చెప్పరమ్మా, మొహమాటం. తప్పుగా అంటే మాత్రం సరిదిద్దకుండా ఊరుకోలేరు," అన్నారాయన. ఉదాహరణ లేకుండా ఆయన ఒక ప్రశ్నకు జవాబు చెప్పడం అదే మొదటిసారి వినడం. నేను ఆశ్చర్యపడేలోగానే, "ఉదాహరణకి మీరున్నారనుకోండి..." అని మొదలుపెట్టారు.

"నాకొద్దండీ," అని డైరెక్టరమ్మ గబగబా తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

వరస మళ్ళీ మెట్ల దాకా పాకింది. నేను మళ్ళీ పక్క కుర్చీలోకి వచ్చాను. ఆయన మాటల్లో ఎంత కావాలని చేసిన గందరగోళమో, ఎంత సహజమో ఇప్పటికీ నాకు తెలియదు. గుడ్ల విషయంలో మాత్రం సహజమేనని నా అనుమానం.

ఒకరోజు సాయంత్రం ఆఫీసు మూసే వేళకు, చేసిన పనే మళ్ళీ చేస్తూ కూర్చున్నాను. మాస్టారు కళ్ళజోడు మీంచి చూశారు.

"ఏమిటోయ్, ఈమధ్య ఇంటికి కదలడం లేదు. ఉదాహరణకి మీ ఆవిడతో నీకు పడటం లేదనుకో."

"మా ఆవిడ బంగారమండీ. మా మామగారే చుట్టపుచూపుగా వచ్చి నెల దాటింది, కదిలే సూచన లేదు. నా పడక్కుర్చీ ఆయనదే, నా పేపరు ఆయనదే, నిన్న నా చెప్పులు కూడా వేసుకుని..." అంటూ టక్కున ఆగిపోయాను.

మాస్టారు కౌంటరు షట్టరు దించి, కుర్చీ నావైపు తిప్పుకుని తాపీగా కూర్చున్నారు.

"ఊఁ, చెప్పు. చెప్పులు సరిపోయాయా ఆయనకి?"