అత్త ఉతికిన ఎర్రజెండా

పెళ్లికొడుకు రైల్వేలో ఉన్నాడని చెప్పి నన్ను ఇచ్చారు. కాపురం కూడా రైలుపెట్టెలోనే అని ఎవరూ చెప్పలేదు. మా ఆయన పట్టాలు బాగుచేసే గ్యాంగులో మేస్త్రీ. పని ఎక్కడుంటే అక్కడికి ఇంజను మా పెట్టెను లాక్కుపోయేది. డెబ్బైల చివర్లో ఓ ఆషాఢంలో దాన్ని తెచ్చి ఫలక్‌నుమా యార్డు చివరి లైనులో నిలబెట్టారు.

అందులో నేను, మా ఆయన, అత్త, పాలు తాగే నా కొడుకు. నీళ్లకు పట్టాలు దాటి నల్లా దగ్గరికి పోవాలి. పాలకు జహనుమా, కూరగాయలకూ కిరోసిన్‌కూ ఛత్రినాక. ఎక్కడికి వెళ్లినా నా ప్రాణం పెట్టె మీదే ఉండేది. తిరిగొచ్చేసరికి ఇల్లు ఉంటుందో ఉండదో అని భయపడే ఇల్లాలిని ఈ పట్నంలో నేనొక్కదాన్నే అనుకుంటాను.

ఆ భయానికి మా ఆయన దగ్గర ఒకటే మందు. పనికి పోయే ముందు పెట్టె ఎదుట పట్టాల నడుమ కర్రకు కట్టిన ఎర్రజెండా పాతేవాడు. లోపల మనుషులున్నారు, ఇంజను తగిలించొద్దని దాని అర్థం. పాతినవాడే పీకాలి, ఇంకొకరు ముట్టకూడదు. పెట్టె కదిలే రోజైతే ముందే చెప్పేవాడు. అప్పుడు పొయ్యి ఆర్పి, ఉయ్యాల విప్పి, గిన్నెలన్నీ కింద పెట్టి కూర్చునేవాళ్లం.

జెండా ముట్టకూడదని అత్తకూ తెలుసు. కానీ మురికి కనిపిస్తే ఆమెకు నిద్ర పట్టదు. ఇంజన్లంటే మాత్రం వణుకు. ఛత్రినాక గల్లీల్లో పుట్టి పెరిగిన మనిషి, నా చెయ్యి పట్టుకోకుండా ఒక్క పట్టా దాటేది కాదు.

బోనాలు దగ్గరపడ్డాయని ఆ వారమంతా ఆమె కడిగిందే కడిగింది. ఆ రోజు నేను పిల్లవాణ్ణి చీర ఉయ్యాలలో పడుకోబెట్టి, స్టవ్వు మీద అన్నం పెట్టి, రెండూ చూస్తుండమని ఆమెకు చెప్పి నీళ్లకు పోయాను. ఆ ఇరుకులో ఉయ్యాలకూ స్టవ్వుకూ మధ్య జానెడు చోటు.

బిందెలతో తిరిగొస్తుంటే కూత వినిపించింది. పెట్టెల్ని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మార్చే షంటింగ్ ఇంజను మా లైనులోకి తిరుగుతోంది. జెండా చూసి ఆగుతుందిలే అనుకున్నాను. చూస్తే పట్టాల నడుమ కర్ర ఒక్కటే ఉంది. పట్టా దాటకుండా ఇవతల నుంచే చెయ్యి చాచి విప్పినట్టుంది, జెండా కంచె తీగ మీద నా చీరల పక్కన ఆరుతోంది. అత్త దాని ముడతలు సవరిస్తోంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంజను తగిలితే ఉయ్యాల నేరుగా స్టవ్వు మీదికే. బిందెలు వదిలేసి, జెండా, జెండా అని అరుస్తూ పెట్టె వైపు పరుగెత్తాను. మెట్లెక్కుతూ ఒక్కసారి వెనక్కి చూశాను. అత్త తడిజెండాను రెండు చేతులా పట్టుకుని, ఒక్కతే పట్టాల నడుమకు పోయి ఇంజనుకు ఎదురుగా నిలబడింది.

పిల్లవాణ్ణి ఉయ్యాలలోంచి లాగి గుండెకు అదుముకున్నాను. బయట బ్రేకులు కీచుమన్నాయి. కళ్లు మూసుకుని దెబ్బ కోసం ఎదురుచూశాను. పెట్టె కదలలేదు.

దిగి చూస్తే ఇంజను అత్తకు బారెడు దూరంలో ఆగి ఉంది. డ్రైవరు దిగొచ్చి, చెమట తుడుచుకుంటూ, కర్రకుండాల్సిన జెండా ఏమైందని అడిగాడు.

"మురికైందని ఉతికిన బిడ్డా," అంది అత్త.

సాయంత్రం సంగతి తెలిసి మా ఆయన తల్లి మీద ఇంతెత్తున లేచాడు. నేను అడ్డుపడలేదు. నాకూ కడుపు మండిపోతోంది. ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడలేదు, పిల్లవాణ్ణి ఆమె ఒళ్లో పెట్టలేదు. ఆమె అడగనూ లేదు.

బోనాల ఆదివారం పొద్దున కొత్త కుండకు బొట్లు పెట్టడానికి కూర్చున్న అత్త, పసుపు కుంకుమల గిన్నె పట్టుకుని పెట్టె దిగింది. పట్టా దగ్గర ఆగి నా వైపు చెయ్యి చాచింది. కనుచూపు మేరలో ఇంజను లేదు. అయినా ఆమె ఒక్కతే దాటలేదు. పిల్లవాణ్ణి చంకన వేసుకునే వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె నేరుగా జెండా కర్ర దగ్గరికి నడిచి, దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది.

సర్కారు జెండాకు ఇవన్నీ ఏంటని మా ఆయన తలుపులోంచి కసిరాడు. ముందు అమ్మవారి బోనానికి పెట్టమన్నాడు.

"అమ్మ జరసేపు ఆగుతది రా. ఇంజను ఆగది," అంది అత్త.

నేను పిల్లవాణ్ణి ఆమె చేతుల్లో పెట్టాను.