రజియా మేడం చెప్పిన చైనా

చలికాలం మొదలవగానే మంచిర్యాల రైల్వే స్టేషన్ బయట సంత్ర పండ్ల బండ్లు వచ్చి నిలబడతాయి. మొన్న సాయంత్రం నేను పాఠాలు చెప్పే కాలేజీ నుంచి వస్తూ ఒక పండు కొని, ఆటోలో కూర్చుని ఒలిచాను. తొక్కలోంచి చివ్వున చిమ్మిన ఆ ఘాటు వాసనకి కళ్లు మూసుకుపోయాయి. పక్కన కూర్చున్నామె "కంట్ల వడ్డదా?" అని అడిగింది. అవునన్నాను. కానీ ఆ క్షణాన నేను ఆటోలో లేను. కరీంనగర్‌లో, మా విశ్వవిద్యాలయం చరిత్ర విభాగం పక్కనుండే పొడవాటి హాల్లో ఉన్నాను. రజియా మేడం థర్మాస్ మూత తిప్పుతున్నారు.

ఎండబెట్టిన సంత్ర తొక్కలు వేసి ఆమె చాయ్ కాచి తెచ్చేవారు. పాలుండవు, చక్కెర ఉండదు. మొదటిసారి తాగినవాళ్ల మొహాలు చూసి ఆమె నవ్వేవారు. "చైనాల గీ తొక్కలను ఏండ్లకేండ్లు దాచిపెట్టుకుంటరు. పాతగయినకొద్ది కిమ్మతు ఎక్కువ. మా పంతుళ్ల లెక్క గాదు."

ఆమె మాకు ఎం.ఏ.లో చైనా చరిత్ర చెప్పేవారు. తరగతితో ఆమెకు తృప్తి లేదు. నెలకోసారి శనివారం సాయంత్రం, ఊళ్లో ఎవరైనా వచ్చి వినేలా బహిరంగ ఉపన్యాసం పెట్టించారు. ఒక నెల రాజవంశాల సంగతి, ఒక నెల విప్లవం, ఇంకో నెల వాళ్ల లిపి, వంటలు, పెళ్లిళ్లు. విద్యార్థులతో పాటు రిటైరైన ఉద్యోగులు, బట్టల దుకాణాల వాళ్లు, పిల్లల్ని చంకనెత్తుకున్న తల్లులు కూడా వచ్చేవాళ్లు. ఇంగ్లిషులో చెబితే పెద్ద ఊళ్లలో కూడా పేరొస్తుందని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. "పెద్ద ఊర్లోళ్లకు చెప్పేటోళ్లు మస్తుగున్నరు సార్. గీ ఊరికి చెప్పేదాన్ని నేనొక్కదాన్నే" అన్నారామె.

నేను నస్పూర్ నుంచి వచ్చిన బొగ్గుబావి కార్మికుడి కూతుర్ని. చరిత్రలో సీటు దొరికింది కాబట్టి చేరాను తప్ప, చైనా ఏ దిక్కున ఉందో నాకు పట్టింపు లేదు. నలుగురిలో నోరు తెరవాలంటే వణుకు. అలాంటి నన్ను మేడం ఒక శనివారం చైనా పటం పక్కన నిలబెట్టారు. "ఇవాళ్టి విషయమేందో జనానికి నువ్వే చెప్పు స్వప్నా. భయమైతె నా మొఖం చూడు, ఇంకోళ్లది చూడకు." ఆమె మొహమే చూస్తూ రెండు వాక్యాలు చెప్పి కూర్చున్నాను. ఆ తర్వాత ప్రతి నెలా ఆ పని నాదే అయింది.

ఆమె చైనాలో ఉన్నది ఒక్క ఏడాది. చదువుకునే రోజుల్లో స్కాలర్‌షిప్ మీద వెళ్లారు. కొత్తలో ఏం తినాలో తెలియక బిస్కెట్లతో గడిపారట. ఒకరోజు హాస్టల్ వెనక సందులో ఒక ముస్లిం కుటుంబం నడిపే చిన్న హోటల్ కనబడింది. పిండి ముద్దను చేతులతో సాగదీసి, పొడవాటి సేమియాలా చేసి, వేడి పులుసులో వేసి ఇచ్చేవాళ్లు. "గా హోటలామె మాట్లాడితె నాకు సగం గూడ సమజ్ కాకపోయేది. సలాం ఒక్కటే ఇద్దరికి ఎరికైన మాట. నేను సలాం అనంగనే ఆమె గిన్నె నింపేది. పైసలు అడిగేది తర్వాత." రెండేళ్లుండాల్సిన మనిషి, తల్లికి జబ్బు చేస్తే మధ్యలోనే వచ్చేశారు. మళ్లీ పోవాలనుకుంటూనే ఉద్యోగంలో చేరారు, తల్లిని చూసుకున్నారు, పెళ్లి మాట పక్కన పెట్టి తమ్ముళ్లను చదివించారు. గడువు తీరినప్పుడల్లా పాస్‌పోర్టు మాత్రం కొత్తది చేయించుకునేవారు.

ఒక వానాకాలం, సరిహద్దులో మన సైన్యం, చైనా సైన్యం ఎదురెదురుగా నిలబడ్డాయి. టీవీల నిండా అదే గొడవ. ఈ నెల ఉపన్యాసం ఆపేస్తే మంచిదని తోటి అధ్యాపకులు చెప్పారు. మేడం ఆపలేదు. విషయం మాత్రం మార్చారు. వాళ్ల పూల పండుగల గురించి చెప్పాల్సింది, సరిహద్దు గురించి చెబుతానన్నారు. "జనం పరేషాన్ల ఉన్నప్పుడు చెప్పకుంటె ఇంకెప్పుడు చెప్తం?"

హాలు నిండిపోయింది. ఎప్పుడూ రాని కొందరు యువకులు వెనక నిలబడ్డారు. మేడం నోరు తెరవకముందే వాళ్లలో ఒకడు గట్టిగా అడిగాడు. "ముందుగాల ఒకటి చెప్పుండ్రి మేడం. మీరు ఎవరి దిక్కు?"

ఆ ప్రశ్నలో చైనా ఒక్కటే లేదని హాల్లో అందరికీ తెలుసు. మేడం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. జవాబు ఇచ్చేలోపే మధ్య వరుసలోంచి ఒక మనిషి లేచాడు. పేరు భూమయ్య. సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేస్తాడని తర్వాత తెలిసింది.

"జర ఆగు తమ్మీ," అన్నాడు ఆ యువకుడితో. "నా కొడుకు ఫౌజుల ఉన్నడు. గిప్పుడు గా కొండల మీదనే ఉన్నడు. ఫోన్ కలుస్తలేదు. నేను ఇననీకి వచ్చిన, నన్ను ఇననియ్యి." తర్వాత మేడం వైపు తిరిగాడు. "అమ్మా, గాళ్లు వెనకకు పోతరా? లడాయి అయితదా?"

మేడం కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. "నాకు తెల్వదన్నా. తెలుసని చెప్తె అబద్ధమైతది. గీ పంచాయితి ఏడికెల్లి మొదలైంది, మునుపు లొల్లి అయినప్పుడు ఎట్ల సల్లబడ్డది, గది చెప్తా. తెలిసినకాడికే చెప్తా."

"గదే చెప్పు బిడ్డా," అని ఆయన కూర్చున్నాడు.

ఆమె చెప్పారు. ఎవరినీ పొగడలేదు, ఎవరినీ తిట్టలేదు. కొండలు, కనుమలు, ఎవరెవరో గీసిన గీతలు, ఒకరి గీతను ఇంకొకరు ఒప్పుకోకపోవడం. తెలియనిచోట తెలియదని మళ్లీ మళ్లీ అన్నారు. వెనకనున్న యువకులు కొందరు వెళ్లిపోయారు, కొందరు కూర్చున్నారు. ప్రశ్న అడిగినవాడు చివరిదాకా నిలబడే విన్నాడు.

ఆ గొడవ చల్లారింది. చలికాలంలో భూమయ్య కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. సన్నటి పిల్లవాడు, ఎండకూ మంచుకూ చెంపలు నల్లబడి ఉన్నాయి. ఉపన్యాసం అయిపోయాక చాయ్ పట్టుకుని మేడం పక్కన నిలబడ్డాడు. ఏం మాట్లాడాలో తెలియక ఒక మాట చెప్పాడు. "పొద్దుగాల గాలి మా దిక్కు కొడితె గాళ్ల వంట వాసన వచ్చేది మేడం."

మేడం చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. "ఏం వాసన? ఎల్లిగడ్డనా? మిరపకాయ నూనెల మాడినట్టా?"

"ఎల్లిగడ్డనే అనుకుంట. ఇంకేదో నూనె గూడ. నాకు సమజ్ కాలే."

"యాది చేస్కో బేటా. నువ్వుల నూనెనా?"

అతను గుర్తు చేసుకోవడానికి నిజంగానే ప్రయత్నించాడు. మేడం అతని మొహంలోకి చూస్తూ ఎదురుచూశారు. చివరికి అతను తల అడ్డంగా ఊపితే, ఆమె అతని భుజం మీద చెయ్యి వేశారు. "ఇన్నేండ్ల సంది పోవాలె పోవాలె అంటున్న. నాకంటె నువ్వే దగ్గరికి పోయొచ్చినవ్." నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వును నేను ఎక్కువసేపు చూడలేకపోయాను.

రిటైరయ్యాక వెళ్దామనుకున్నారు. ముందు మహమ్మారి దారులు మూసింది, తర్వాత మూత్రపిండాల జబ్బు ఆమెను మంచానికి కట్టేసింది. చివరిసారి కరీంనగర్‌లో వాళ్లింటికి వెళ్లినప్పుడు గొంతు బాగా సన్నబడింది. అడగకూడదనుకుంటూనే అడిగాను. "మళ్ల పోలేకపోయిన అని మనసుల ఉంటదా మేడం?"

"ఉండదా మరి?" అన్నారు. "అయినా నెలనెలా పోయొస్తనే ఉంటిని గదా. హాల్ల మాట మొదలువెట్టంగనే పోయేదాన్ని. మీరు చప్పట్లు కొట్టంగనే వాపస్ వచ్చేదాన్ని."

ఆ చప్పట్లు మేము ఇంకాసేపు ఆగి కొట్టి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. ఆ చలికాలం పోకముందే ఆమె పోయారు. ఆ హాల్లో శనివారాలు ఆగిపోయాయి.

ఈ ఏడాది మా కాలేజీలో ఆ శనివారాలను నేను మొదలుపెట్టాను. తొలిరోజు వచ్చినవాళ్లు కొద్దిమందే. ముందు వరుసలో నస్పూర్ నుంచి వచ్చిన ఒక పెద్దామె, మనవరాలికి తోడుగా కూర్చుంది. నేను పటం తగిలిస్తుంటే అడిగింది. "నువ్వు గా దేశం పోయి చూసినవా బిడ్డా?"

"లేదవ్వా. చూసొచ్చినామె చెప్తె విన్న."

"గట్లయితె ఆమెనే పిలువకపోయినవ్?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పటం వైపు తిరిగి, వాళ్ల పెద్ద నది పుట్టే చోట వేలు పెట్టి "దేఖో" అన్నాను. నాకు ఉర్దూ రాదు. మేడం ఎప్పుడూ అలాగే మొదలుపెట్టేవారు.