బండికి కప్పిన దుప్పటి

మాది ఆటోమేటిక్ కారు. నాకు క్లచ్ అంటే హడల్ కాబట్టి, పాతదైనా సరేనని మా ఆయన వెతికి వెతికి దాన్నే కొన్నాడు. షికార్లకి కాదు. మా అత్తను వారానికి రెండుసార్లు పలాస ఆసుపత్రిలో డయాలసిస్‌కి తీసుకెళ్లాలి. ఇంటింటా కిడ్నీ జబ్బులున్న మా ఉద్దానంలో ఆ మాట ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ చలికాలం అత్త మొండికేసింది. బయలుదేరే ప్రతిసారీ గుమ్మంలో ఒకటే పాట: "నన్నొగ్గీండి. నానింక రాను." బతిమాలి, కసిరి, ఒక్కోసారి నేనే ఏడ్చి ఎక్కించేదాన్ని. ముందుసారి మాత్రం ఏం చేసినా కదల్లేదు. దాంతో కాళ్లు ఉబ్బాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఈసారి కూడా తప్పిస్తే మనిషి దక్కదని ఆసుపత్రి నర్సమ్మ ఫోన్లో దాచకుండా చెప్పింది.

ఆ పొద్దున ఒకటే మంచు. పెరటి జీడిచెట్లు కూడా కనబడటం లేదు. మా ఆయన కొబ్బరికాయల లోడుతో ముందురోజే వెళ్లిపోయాడు. అత్తను వెనక సీట్లో కూర్చోబెట్టి, ఇంజను స్టార్ట్ చేసి, గేరు 'డి'లో వేశాను. బండి కదల్లేదు. రివర్స్ వేసి చూశాను, అదీ లేదు. మళ్లీ 'డి'. తొక్కిన కొద్దీ ఇంజను అరుస్తోంది గానీ చక్రం తిరగదు. నీ దుంపతెగ, ఇవాళే దొరికిందా నీకు అని స్టీరింగ్ మీద ఒక్కటిచ్చాను. ఊళ్లో ఉన్న ఒక్క ఆటో అప్పటికే పూండి స్టేషనుకి పోయింది. ఆటో అతను ఫోనెత్తడు.

ఎదురింటి బావ వచ్చి, తోద్దామా అన్నాడు. ఇంజను ఆడుతూనే ఉంది కదా, పలాస దాకా తోస్తావా అని అతని మీదా విరుచుకుపడ్డాను. పాపం, ఆటోను పట్టుకొస్తానని మోటార్ సైకిలెక్కి పోయాడు.

ఇంజను కట్టెయ్యాలన్న ధ్యాస కూడా లేకుండా దిగి అరుగు మీద కూలబడ్డాను. అత్తకిక పండగే, రానక్కర్లేదుగా అనుకున్నాను. నిజంగానే కోపమొచ్చింది ఆవిడ మీద.

అంతలో కారు తలుపు తెరుచుకుంది. అత్త దిగింది. బండినే పట్టుకుని, ఆగి ఆగి, ముందుకి నడిచింది. ఈ జబ్బు మొదలైన దగ్గర్నుంచి మిట్టమధ్యాహ్నం కూడా వదలని దుప్పటిని భుజాల మీంచి తీసి బానెట్ మీద కప్పింది. పసిపిల్లని జోకొట్టినట్టు దాని మీద తట్టింది.

"లెగు తల్లీ, ఎల్దుం," అంది బండితో. "నాను రానన్నది ఉత్తిమాట."

వెళ్లి ఆవిడని పట్టుకుని, నడిపించుకొచ్చి మళ్లీ వెనక సీట్లో కూర్చోబెట్టాను. తర్వాత నా సీట్లో కూర్చుని, భయం భయంగా 'డి'లో వేశాను. ఎవరో వెనక నుంచి తన్నినట్టు ఒక్క కుదుపు. బండి ముందుకి జరిగింది. నా ప్రాణం లేచొచ్చింది. ఆగి, దుప్పటి తీసి అత్తకిచ్చాను. ఎచ్చగా ఉందే అని చుట్టుకుని నవ్వింది. దారిలో ఆటోని వెంటబెట్టుకుని ఎదురొచ్చిన బావకి చెయ్యూపాను.

డయాలసిస్ అయ్యేలోపు పలాసలో మెకానిక్‌కి చూపించాను. గేరుబాక్సు పోయిందంటాడేమోనని గుండె పట్టుకు నిలబడ్డాను. గేరాయిల్ తగ్గిందట, ఉన్నదీ పాతబడి చలికి సరిగా పారడం లేదట. ఇంజను కాసేపు ఆడాక వేడెక్కి దారికొచ్చిందన్నమాట. ఆయిల్ మార్చాడు, అంతే. హమ్మయ్య అని అక్కడే టీ తాగాను.

మళ్లీసారి వెళ్లాల్సిన రోజు అత్త గుమ్మంలో అదే పాట అందుకుంది, నన్నొగ్గీండి అని. ఈసారి నేను బతిమాలలేదు, కసరలేదు. సరే అత్తా అని వెళ్లి ఇంజను స్టార్ట్ చేసి, తాళాలు వేద్దామని ఇంట్లోకొచ్చాను. తిరిగి వెళ్లేసరికి వెనక సీట్లో దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది.

"ఏటే పిల్లా, ఏడెక్కినాదా బండి? ఆలస్యమైపోతంది."