వట్టివేళ్ల చల్లదనం

మద్రాసులో కొలువు ముగించుకుని సీమకు వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర నాయన ఆ కారు కొన్నాడు. రెండే సీట్లు, గుడ్డ టాపు, పందేలకు పనికొచ్చే బండి. అభ్రకం వ్యాపారం బాగా సాగుతున్న రోజులవి. ఉదయగిరిలో దాన్ని చూడడానికి జనం వచ్చేవారు. నడిపేది నేను. నాయనకు పక్కన కూర్చోవడమే ఇష్టం.

ఎండాకాలం అందులో ప్రయాణం నరకం. టాపు తీస్తే నెత్తిన ఎండ, వేస్తే ఉక్క. ఇంజను సెగ కాళ్లకు కొట్టేది. నాయన ఊరుకోలేదు. తోలు సీట్లకు తెల్లటి ముతకగుడ్డ కుట్టించాడు. కాళ్ల కింద తడి గోనెపట్టా పరిచాడు. రెండు పక్కలా వట్టివేళ్ల తడికలు కట్టించి, బయలుదేరే ముందు వాటిమీద నీళ్లు చల్లేవాడు. బండి కదిలితే గాలి ఆ తడిలోంచి చల్లగా లోపలికొచ్చేది.

ఆ ఏడు రోహిణి కార్తెలో నాయన గని దగ్గర్నుంచి వచ్చి వసారాలో కూలబడ్డాడు. ఒళ్లు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. ఆత్మకూరు ఆసుపత్రికని కార్లో కూర్చోబెట్టాను. తడికలు నేనే తడిపాను. వింజమూరులో ఆగి మళ్లీ తడిపి, ఆయన తలమీదా ఛాతీమీదా తడిగుడ్డలు మార్చాను.

“చల్లంగా ఉండాదా నాయనా?”

“ఉండాదిలేరా. నువ్వు రోడ్డు చూడు.”

రోడ్డే చూశాను. చాలా దూరం పోయాక ఆయన చేయి పట్టుకుంటే చల్లగా తగిలింది. వేడి దిగిందనుకున్నాను. గతుకులకు ఆయన నిద్ర చెడకూడదని బండి నెమ్మదిగా పోనిచ్చాను.

ఆసుపత్రి ముందు డాక్టరు తడిక పక్కకు తీసి, నాడి చూసి, కనురెప్పలు ఎత్తి చూశాడు.

“ప్రాణం పోయి కొంచేపయిందయ్యా,” అన్నాడు.

అలాగేనండీ అన్నాను. తర్వాత ఏం చేయాలో తోచక, చెంబులో మిగిలిన నీళ్లు తడికమీద చల్లబోయాను. డాక్టరు చెంబు తీసుకుని కింద పెట్టాడు.

నాయన్ను అదే సీట్లో ఇంటికి తెచ్చాను. ఆడవాళ్లు కారు చుట్టూ చేరి ఏడుస్తుంటే నేను చక్రం పట్టుకుని కూర్చునే ఉన్నాను. ఇంజను ఆపమని ఎవరో చెబితే ఆపాను.

కర్మలు అయ్యాక కావలి నుంచి ఒకాయన వచ్చి కారు అడిగాడు. బేరమాడకుండా ఇచ్చేశాను. తడికలు ఎలా తడపాలో కూడా చూపించాను. ఆ వేసవంతా నాకు ఏడుపు రాలేదు. పొద్దున్నే లేచి గనికి పోయేవాణ్ణి, సాయంత్రం వచ్చి పెట్టింది తినేవాణ్ణి. ఏం కూర అని అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి.