తొడిమ దగ్గర బేరం లేదు

తమిళనాడు కోవిల్‌పట్టిలో మాది మిరపకాయల కొట్టు. బేరం నేర్పిన పెద్దవాళ్ళు నాకు మొదట చెప్పింది ఒక్కటే: ఎదుటివాడు ఏమన్నా ముందే తెలిసినట్టు మొహం పెట్టు. మాట సరిగా అందని ఈ రెండేళ్ళూ ఆ విద్యతోనే నెట్టుకొచ్చాను. ఇంట్లో మాటలు బాగానే వినపడేవి. కొట్టులో నలుగురు ఒక్కసారి మాట్లాడితే మాత్రం మాటలన్నీ కలిసి పొడైపోయేవి. నేను తలాడించేవాణ్ణి.

ఒకరోజు ఒక రైతు, ధర కుదరక, మూటలు పక్క కొట్టుకు తీసుకుపోనా అని అడిగాడట. ఠీవిగా తలాడించాను. తీసుకుపోయాడు.

ఆ సాయంత్రం మా ఆవిడ తేల్చేసింది. "చెవి చూపించుకోండి. లేకుంటే రేపటినించి ఆ కుర్చీలో నేను కూసుంటా."

ముప్పై ఏళ్ళ కుర్చీ అది. మర్నాడే విరుదునగర్ బస్సెక్కాం.

అక్కడ చెవి పరీక్షలు చేసే అమ్మాయి తెలుగు నేతవాళ్ళ బిడ్డ. మా ఇద్దరి మాటలు విని తనూ ఇంటి తెలుగులోకి దిగింది. అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కమంది. అద్దంలోంచి ఆమె భుజం కనపడుతోంది. అది కదిలినప్పుడల్లా నొక్కాను.

"మామా, నేను సౌండు పెట్టకముందే వింటా ఉండారే," అంది.

"ఆయన నీతో బేరమాడతా ఉండాడమ్మా," అంది మా ఆవిడ.

నా కుర్చీని గోడవైపు తిప్పి మళ్ళీ చేసింది. వయసుకు చెవులు బాగానే ఉన్నాయట. మరి తేడా ఎక్కడ?

"చెవి దాటినాక, మెడకి పైన, మెదడు మొదట్లో ఒగ కాడ ఉండాది మామా. మాట దాంట్లోనే మెదడుకి ఎక్కేది."

"మిరపకాయకి తొడిమ మాదిరా?"

"అట్లనే అనుకోండి. దాన్ని ఏమీ అడగ పన్లేదు. మీరు నిద్రపోయినా అది జవాబు చెప్తాది."

నెత్తిమీద, చెవుల వెనక జిగురు పూసి తీగలు అంటించింది. చెవిలో "దా, దా" అంటూ ఒకటే అక్షరం, వేలసార్లు. మొదట నిశ్శబ్దంలో, తర్వాత వెనకాల జనం గోలతో. నొక్కడానికి మీట లేదు, చూడటానికి భుజం లేదు. జీవితంలో మొదటిసారి ఏ ఎత్తూ వెయ్యకుండా పడుకున్నాను. గురక కూడా పెట్టానట.

తెరమీద రెండు గీతలు చూపించింది. పైది ఆమె పంపిన "దా", కిందది నా తొడిమ తిప్పి పంపింది. నిశ్శబ్దంలో కింది గీత పైదాని వంపులన్నీ అనుసరిస్తూ నడిచింది. గోలలో మాత్రం ఆలస్యంగా బయలుదేరి, చదునైపోయింది.

"దినమూ గోలలో మాట వినేది పళక్కం చెయ్యాల, అలవాటు పడేదాకా. మాట్లాడేవాళ్ళని ఎదురుగా పెట్టుకోండి. వినపడకుంటే వినపడలేదని చెప్పండి మామా."

చివరిది నాకు ఆపరేషన్‌లా వినిపించింది.

మొన్న ఒక రైతు మూటలు దించి ధర చెప్పాడు. లారీ హారనులో ఏమీ తెలియలేదు. మా ఆవిడ వెనక నిలబడి చూస్తోంది. గొంతు సవరించుకుని, "వినపడలేదప్పా, మళ్ళా చెప్పు," అన్నాను.

అతను ఒకసారి నా మొహంలోకి చూసి, ధర తగ్గించి చెప్పాడట. అదీ వినపడలేదు. "నిజంగానే వినపడలేదు. ఎదురుగా వచ్చి చెప్పు." వచ్చి కూర్చుని, ఇంకా తగ్గించాడు. "ఇంగ దిగితే గోనెసంచి కూడా మీకే ఇయ్యాల మామా."

అప్పుడర్థమైంది. ముప్పై ఏళ్ళలో ఇంత గొప్ప ఎత్తు నాకు తోచలేదు.

మా ఆవిడ ముందుకొచ్చి, అతను మొదట చెప్పిన ధర నా మొహానికెదురుగా చెప్పింది. లేచి, అదే ఇచ్చాను. ధర్మం అనుకోకండి. ఇది ఎత్తని ఊరికి తెలిస్తే రేపటినుంచి అందరూ ధరని ఎక్కడో ఆకాశంలో మొదలుపెడతారు.

"సరి, మీరే కూసోండి," అంది మా ఆవిడ, నా కుర్చీని గోడకు ఆనించి, రైతువైపు తిప్పుతూ.