విమానం రెక్క ఎక్కడుందో చూసి వచ్చాం

విమానం చూడాలంటే తిరువూరు నుంచి బెజవాడ మీదుగా పోనక్కర్లేదు. నూజివీడులో బస్సు మారి గన్నవరం వెళ్తే మనిషికి రూపాయి పైనే మిగులుతుంది. ఈ సంగతి ముందే చెబుతున్నాను. మాకు చెప్పినవాళ్లు లేక నలుగురిని అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది.

నేనూ, మా వియ్యపురాలు నాగరత్నం వదినా వెళ్లింది షికారుకి కాదు. విమానానికి రెక్కలు కిటికీల పైన ఉంటాయా, కింద ఉంటాయా అన్నది కళ్లారా చూసి రావడానికి.

మా అమ్మాయి విజయ పురిటికి వచ్చింది. మగపిల్లాడు పుట్టాడు. బారసాలనాడు ఉయ్యాల మీద అందరూ చెక్క చిలకలు కడతారు. మా ఆయన మాత్రం మనవడికి విమానం కడతానని బొమ్మలు చేసే పొణుకు చెక్క తెచ్చి చెక్కడం మొదలుపెట్టారు. పొట్ట కుదిరింది, తోక కుదిరింది. రెక్కలు అతికించబోయిన రోజే వియ్యంకుడుగారు పెనుగొలను నుంచి పిల్లాణ్ణి చూడటానికి వచ్చారు.

"అదేంటి బావగారూ, రెక్కలు కింద పెడుతున్నారు? పైన కదా ఉండేది," అన్నారాయన. ఆయన ఒకసారి గన్నవరం నుంచి హైదరాబాదుకి విమానంలో వెళ్లారు. ఆ సంగతి తెలియనివాళ్లు మా రెండు ఊళ్లలోనూ లేరు.

మా ఆయన లోపలికెళ్లి ఒక ఫోటో తెచ్చారు. నెమలి ఊరి తిరనాళ్లలో బొమ్మ విమానం వెనక నిలబడి, కిటికీలోంచి తల పెట్టి తీయించుకున్నది. అందులో రెక్కలు కిందే ఉన్నాయి. పైనుంటే మా ఆయన మొహానికి అడ్డం రావూ మరి.

"అది అట్ట విమానం బావగారూ."

"అట్టదైనా అసలుది చూసే కదా వేస్తారు."

మాట మీద మాట పెరిగింది. మా ఆయన మీసం మీద చెయ్యి వేసి, "ఏ విమానానికైనా రెక్కలు కిందే. పైన ఉన్నది ఒక్కటి కనపడినా ఈ మీసం తీసేస్తాను," అన్నారు. వియ్యంకుడుగారు ఊరుకుంటారా. "ఏ విమానానికైనా పైనే. కింద ఉన్నది ఒక్కటి చూపించండి, నాదీ తీసేస్తాను. ఇది తేలేదాకా మీ గడప తొక్కను," అని కండువా దులుపుకుని వెళ్లిపోయారు.

విజయ ఏడుపు మొదలుపెట్టింది. "మా మామగారు రాకుండా పిల్లాడికి పేరెలా పెడతామే అమ్మా?"

మా ఆయన లైబ్రరీకి వెళ్లి పాత పేపర్లన్నీ తిరగేశారు. ప్రతి విమానం ముందూ ఎవరో ఒక మంత్రిగారు దిగుతున్నారు. రెక్క ఉండాల్సిన చోట పూలదండలు, గొడుగులు. వియ్యంకుడుగారు సాక్ష్యానికి ఒక క్యాలెండరు పంపించారు. అందులో విమానం సగం మబ్బులో ఉంది. రెక్క ఉన్నది ఆ సగంలోనే.

ఇక స్వయంగా చూసి రావాలి. మగవాళ్లు వెళ్తే ఒకళ్ల మాట ఒకళ్లు నమ్మరు. అందుకని ఎవరి పెళ్లాం వాళ్లకి సాక్షి అని తేల్చారు. బారసాల ఇంక మూడు రోజులుంది.

పొద్దున్నే ఆరింటి బస్సు. పులిహోర, మరచెంబుతో నీళ్లు నేను తెచ్చాను. వదిన జంతికలు తెచ్చింది. దారిలో ఏమీ కొనకూడదని ముందే చెప్పి ఉంచాను. కండక్టరు టికెట్లు కొడుతూ అడిగాడు.

"ఎందాకా అమ్మగారూ?"

"నూజివీడు. అక్కణ్ణించి గన్నవరం, విమానాల దగ్గరికి."

"హైదరాబాదా?"

"మళ్లీ తిరువూరే."

అతను మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, చిల్లర ఇచ్చి వెళ్లిపోయాడు. ఐదు పైసలు తక్కువిచ్చాడు. పిలిచి తీసుకున్నాను.

విస్సన్నపేట దాటాక వదిన నా చెవిలో ఒక మాట వేసింది. "మీ అన్నయ్యగారు విమానంలో రెక్క చూశానంటారు కదా, అదంతా ఉత్తిదే వదినా. ఎక్కింది మొదలు దిగేదాకా కళ్లు మూసుకుని గోవిందనామాలు చదువుకున్నారట. నాతో చెప్పి, ఎవరికీ చెప్పొద్దన్నారు."

"మరి రెక్క పైనుందని ఎవరు చెప్పారు?"

"పక్క సీటాయన అన్నాడట, పైనుంది కాబట్టి కిందంతా బాగా కనపడుతోందని."

ఇద్దరం కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నూజివీడు దాకా నవ్వాం. ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

నూజివీడులో బస్సు మారి, గన్నవరంలో దిగి, ఎండలో నడిచి పదిన్నరకి ఏరోడ్రోము చేరాం. మేడ మీద నిలబడి చూడటానికి టికెట్టు ఉంది. చూడటానికి కూడా డబ్బులేంటని అడిగాను. గేటు దగ్గరున్నతను నవ్వి, "తీసుకెళ్లడానికొచ్చారా, ఎక్కించడానికొచ్చారా అమ్మా?" అన్నాడు.

"మీసం తీయించడానికి," అంది వదిన.

పదకొండున్నరకి విమానం దిగింది. ముందు చప్పుడు వచ్చింది, తరవాత దుమ్ము, తరవాత విమానం. చూస్తే రెక్కలు కిటికీల పైన, గొడుగు పట్టినట్టు ఉన్నాయి. చక్రాల కాళ్లు కొంగ కాళ్లలా పొడుగ్గా కిందికి వేలాడుతున్నాయి. వదిన నా చెయ్యి పట్టుకుని ఊపేసింది.

"పాపం వదినా, మీ ఆయన మీసం."

నాకు బాధ కలిగిందని అబద్ధం రాయలేను. ఆ మీసానికి నెలకో పోమేడు డబ్బా అయిపోతుంది. పప్పుచారు తిన్నాక తుడుచుకోవడానికి ఒక తువ్వాలు ప్రత్యేకం. ముప్పై ఏళ్లుగా ఆ తువ్వాలు ఉతుకుతున్నది నేనే. కానీ మా ఆయన ఓడిపోయారంటే వియ్యంకుడుగారు బారసాలలో కూర్చుని ఆ మాట పదిమందిలో పదిసార్లు అంటారు. మా ఆయన లేచి వెళ్లిపోతారు. మళ్లీ విజయ ఏడుస్తుంది.

సరే, వచ్చిన పని సగం చేసి పోకూడదు. విమానం ఎంత పొడుగో, రెక్క ఎంత పొడుగో కూడా కావాలి. దగ్గరికి పోనివ్వరు. పైనుంచి చూస్తుంటే నాకు తట్టింది. విమానం నిలబడ్డ నేలంతా గచ్చు పలకలు పరిచి ఉంది. పలకలు కలిసే మూలలన్నీ వరసగా, ముగ్గుకి చుక్కలు పెట్టినట్టే.

"వదినా, చుక్కలు వాళ్లే పెట్టి ఉంచారు. మనం లెక్కపెట్టుకోవడమే."

నేను మూడో క్లాసుతో బడి మానేశాను. కానీ చుక్కల ముగ్గు ఒకసారి చూస్తే మరిచిపోను. ముక్కు నుంచి తోక దాకా ఆరు పలకలు. ఈ రెక్క చివర నుంచి ఆ రెక్క చివరకి ఏడున్నర. ఒంటికంటే రెక్కలే పొడుగు. మా ఆయన కోడిపెట్టకి పెట్టినట్టు బుల్లి రెక్కలు చెక్కారు. అవి ఎట్లాగూ పనికిరావు.

"ఇంక పోదాం వదినా, తేలిపోయింది కదా," అంది వదిన గెలిచిన మొహంతో.

"టికెట్టు సాయంత్రం దాకా చెల్లుతుంది. డబ్బులు పోసి కొన్నది సగంలో వదిలేసి రమ్మంటావా?" అన్నాను.

అక్కడే నీడలో కూర్చుని పులిహోర తిన్నాం. వదిన ఆవులిస్తూ ఉంది. మూడింటికి ఇంకో విమానం వచ్చింది. ఇద్దరం లేచి గోడ పట్టుకుని చూశాం. రెక్కలు కింద ఉన్నాయి. కిటికీలన్నీ రెక్కల పైన, నెమలి తిరనాళ్ల బొమ్మలో ఉన్నట్టే. ఇది ఐదు పలకల పొడుగు, రెక్కలు మళ్లీ ఏడున్నర.

వదిన ఆవులింత సగంలోనే ఆగిపోయింది. గేటతన్ని పిలిచి అడిగాను.

"రెండు రకాలూ ఉంటాయా నాయనా?"

"ఉంటాయమ్మా. ఏది ఖాళీగా ఉంటే అది పంపుతారు."

తిరుగు ప్రయాణంలో నూజివీడు బస్టాండులో గంట ఆగాల్సి వచ్చింది. మరిచిపోకుండా రెండు విమానాలనూ మట్టిలో వేలితో చుక్కలు పెట్టి గీశాను. పక్కన జామకాయలు అమ్మే ఆవిడ వంగి చూసింది.

"చేపల ముగ్గా పెద్దమ్మా?"

"కాదు, పొద్దున వచ్చింది ఒకటి, మధ్యాహ్నం వచ్చింది ఒకటి."

ఆవిడ జామకాయల గంప తీసుకుని అవతలికి జరిగి కూర్చుంది.

బస్సెక్కాక వదిన మెల్లిగా అంది. "ఇద్దరూ గెలిచారని చెబుదామా వదినా? ఎవరికీ బాధుండదు."

"అట్లా చెబితే ఇద్దరూ మీసాలు దువ్వుకుంటూ బారసాలనాడే ఇంకో పందెం కాస్తారు. పందెం మాట ఏంటి? పైన ఉన్నది కనపడితే మా ఆయన తియ్యాలి. కింద ఉన్నది కనపడితే మీ ఆయన తియ్యాలి. రెండూ కనపడ్డాయి."

వదిన జంతికల మూట విప్పి నాకొకటి ఇచ్చింది. "మా ఆయన మీసానికి రాసే నూనె వేరే," అంది. "ఏలూరు నుంచి తెప్పిస్తారు." ఆ తరవాత మా ఇద్దరికీ అభిప్రాయభేదం రాలేదు. ఉయ్యాలకి రెండు విమానాలూ కట్టాలని, చెక్క ఎట్లాగూ మిగిలింది కాబట్టి కొత్తది కొనకూడదని కూడా అనుకున్నాం.

మొత్తానికి గన్నవరం చూడదగ్గ చోటే. విమానం దూరం నుంచి చూస్తే గొప్పగా ఉంటుంది గానీ, దిగినవాళ్లంతా మన బస్సు దిగినవాళ్లలాగే నలిగిన బట్టలతో, మొహాలు వేలాడేసుకుని దిగారు. వెళ్లేవాళ్లు తిండి, నీళ్లు వెంట తీసుకెళ్లండి. ఒక విమానం చూసి తిరిగి రావద్దు.

ఏడున్నరకి తిరువూరు బస్టాండులో దిగేసరికి మగవాళ్లిద్దరూ ఆ చివరొకరు, ఈ చివరొకరు నిలబడి ఉన్నారు. వదిన్ని తీసుకెళ్లడానికని వియ్యంకుడుగారు సాయంత్రమే వచ్చారట. ఇద్దరూ ఒకేసారి మా దగ్గరికి వచ్చారు.

"ఎవరి మాట నిజమైంది?" అన్నారు మా ఆయన.

"ఎవరిదీ కాలేదు. మీరు పైన ఉండవన్నారు, ఉన్నాయి. అన్నయ్యగారు కింద ఉండవన్నారు, అవీ ఉన్నాయి. ఇద్దరం చూశాం."

వాళ్లిద్దరూ ఆ గొడవ తరవాత మొదటిసారి ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"బావగారూ, వీళ్లిద్దరూ కూడబలుక్కుని వచ్చినట్టున్నారు," అన్నారు వియ్యంకుడుగారు.

"నాకూ అట్లాగే అనిపిస్తోంది బావగారూ. రేపు మనమే వెళ్లి చూసొద్దాం," అన్నారు మా ఆయన.

"వెళ్లండి," అన్నాను. "మీసాలు తీసేశాక వెళ్లండి. బారసాల ఎల్లుండి."

బస్టాండు ఎదురుగా సెలూను ఇంకా తెరిచే ఉంది. నేను ముందు నడిచాను. వదిన వెనక నుంచి వాళ్లిద్దరినీ తోలుకొచ్చింది. సెలూనతను కత్తి నూరుతూ మీసానికింత అని చెప్పాడు. ఇద్దరివీ కలిపి ఒకేసారి కదా అని అడిగితే, పావలా తగ్గించాడు.